దేశదిమ్మరి కుట్టిన బొంత

అరోరా అనగానే మన తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది సలివన్ రోడ్డు మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1986లో అది వెలసిన నాటినుంచీ ఇల్లినాయ్‌లో వాళ్ళకే కాదు, చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు కూడా అన్నప్రాశనకైనా, అక్షరాభ్యాసానికైనా, కొత్త కారు పూజకైనా అక్కడికే దారి. కాని ఈ దేశంలో పుట్టి పెరిగిన నడివయసు అమెరికన్‌ను ఎవరినైనా అరోరా గురించి అడిగి చూడండి. ఓ నవ్వు నవ్వి, "వేన్స్ వరల్డ్" అంటాడు. మనం ప్రదక్షిణాలు చేసే ఊరు వాళ్ళకొక హాస్యచిత్రంలో ఊరు.

ఆ సినిమా 1992 ఫిబ్రవరిలో వచ్చింది. అరోరాలో తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంటులో కూర్చుని లోకల్ కేబుల్ టీవీకి ఒక కార్యక్రమం నడుపుకునే ఇద్దరు పనీపాటా లేని కుర్రవాళ్ళ కథ. తీసింది చాలావరకు కాలిఫోర్నియాలో అయినా కథ మాత్రం మన ఊరిదే. అందులో మొదట్లోనే ఒక దృశ్యం ఉంది. నీలం రంగు ఏఎంసీ పేసర్ కారులో కుర్రాళ్ళు కిక్కిరిసి కూర్చుని ఒక కాసెట్ పెడతారు. కాసేపు గొంతు కలిపి పాడతారు. గిటార్లు విజృంభించగానే పూనకం వచ్చినట్లు అందరూ ఒక్కసారిగా తలలు ఊపుతారు. ఆ పాట పేరు బొహీమియన్ రాప్సొడీ. పాడింది క్వీన్ అనే ఇంగ్లీషు బృందం. వేరే పాట పెడదామన్న ఒత్తిడి వచ్చినా, రచయితా నటుడూ అయిన మైక్ మైయర్స్ ఇదే కావాలని పట్టుబట్టాడు. 1976లో అమెరికాలో తొమ్మిదో స్థానం దాకా వెళ్ళి ఆగిన పాట, ఈ దృశ్యం పుణ్యమా అని 1992లో రెండో స్థానానికి ఎక్కింది.

ఆ వేసవిలో మేము గుడికి వెళ్తుండగా మా అబ్బాయి, వాడి స్నేహితులిద్దరూ వెనక సీట్లో ఆ పాటకు అదే విధంగా తలలు ఊపారు. నేను చెయ్యి చాచి రేడియో కట్టేశాను. "గుడికి వెళ్తూ ఇదేమిట్రా?" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు దాటాక ఆ పాటను శ్రద్ధగా విని నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నానంటే, అందులో కొంత ప్రాయశ్చిత్తం కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ పాట రాసి, స్వరపరచి, పాడినవాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. గుజరాత్‌లోని బుల్సార్ పేరు ఇంటిపేరైన పారశీ కుటుంబం. తండ్రి బోమీ బ్రిటిష్ ప్రభుత్వ కొలువులో కాషియరు. ఉద్యోగరీత్యా జాంజిబార్ వెళ్ళారు. అక్కడ 1946 సెప్టెంబరు 5న ఫరోఖ్ పుట్టాడు. ఎనిమిదో ఏట మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ బోర్డింగు స్కూలుకు పంపారు. పియానో చేతికి పట్టుబడిందీ, "ఫ్రెడ్డీ" అన్న పిలుపు మొదలైందీ, తోటి పిల్లలతో "హెక్టిక్స్" అనే బృందం కట్టిందీ అక్కడే. 1963లో జాంజిబార్ తిరిగి వెళ్ళాడు. మరుసటి ఏడు జనవరిలో అక్కడ విప్లవం వచ్చింది. వేలాదిమంది అరబ్బులూ భారతీయులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. బుల్సారాల కుటుంబం చేతికందింది పట్టుకుని ఇంగ్లండ్ చేరి, హీత్రో విమానాశ్రయం దగ్గర ఫెల్థమ్‌లో ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టింది. మనలో చాలామంది అడ్మిషన్ కాగితాలతోనో ఉద్యోగపు ఉత్తర్వులతోనో సముద్రం దాటినవాళ్ళం. తరుముకొస్తే దాటినవాళ్ళు వీళ్ళు.

ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఎక్కడైనా ఒక ప్రసిద్ధుడికి మన దేశపు వేరు కాస్త కనిపిస్తే చాలు, "మనవాడే" అని ముద్ర వేసి చప్పట్లు కొట్టడం. మెర్క్యురీ విషయంలో అది అంత సులువు కాదు. 1970 ప్రాంతంలో పేరు మార్చుకున్నాడు. పత్రికలవాళ్ళు అడిగితే పుట్టిపెరిగిన ఊళ్ళ గురించి పెద్దగా చెప్పేవాడు కాడు. అలాగని ఇంటిని తెంచుకున్నవాడూ కాడు. 1991 నవంబరు 24న, నలభై అయిదేళ్ళ వయసులో, ఎయిడ్స్ వల్ల వచ్చిన న్యుమోనియాతో పోయినప్పుడు లండన్‌లో అంత్యక్రియలు జరిపించింది జొరాస్ట్రియన్ పురోహితులే. ఊరి గురించి నోరు విప్పని మనిషి చివరి కర్మ మాత్రం తాతముత్తాతల మంత్రాలతోనే జరిగింది. వీటిలో ఒకటి నిజమని, రెండోది వేషమని తీర్పు చెప్పడానికి మనమెవరం?

తక్కిన ముగ్గురి గురించి వింటే మన తల్లిదండ్రులకు కాస్త ఊరట కలగవచ్చు. గిటారు వాయించే బ్రయన్ మే ఖగోళ భౌతికశాస్త్ర విద్యార్థి. పాటకోసం మధ్యలో ఆపేసిన డాక్టరేటు 2007లో లండన్ ఇంపీరియల్ కాలేజీనుంచి తీసుకున్నాడు. అతని గిటారు కూడా కొన్నది కాదు. కుర్రతనంలో తండ్రితో కలిసి, ఇంట్లో పొయ్యి అరుగు మీది పాత కొయ్యతో చేసుకున్నది. డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ దంతవైద్యంలో చేరి, అది వదిలి జీవశాస్త్రం చదివాడు. బాస్ వాయించే జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు. మెర్క్యురీ ఒక్కడే బొమ్మలు వేసే చదువు చదివాడు. ఏ సంఘం పిక్నిక్‌లో కనిపించినా పెద్దలు పిలిచి పలకరించదగిన కుర్రాళ్ళే!

పాట రికార్డింగు 1975 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరిగింది. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో మొదలై మరి కొన్ని స్టూడియోల్లో పూర్తయింది. నిర్మాత 2025లో కన్నుమూసిన రాయ్ థామస్ బేకర్. పాట మొత్తం నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. మధ్యలో ఒపెరా పద్ధతిలో సాగే ఒక్క నిమిషం భాగానికే దాదాపు మూడు వారాలు పట్టింది. రోజుకు పది పన్నెండు గంటలు పాడేవారు. వందమంది బృందగానంలా వినిపించే ఆ గొంతులు మూడే: పై స్థాయి టేలర్‌ది, మధ్య స్థాయి మెర్క్యురీది, కింది స్థాయి మేది. అప్పటి టేపు మీద ఇరవై నాలుగు వరసలే ఉండేవి. కొన్నిటి మీద పాడటం, వాటిని కలిపి ఒకటి రెండు వరసల్లోకి ఎక్కించడం, ఖాళీ అయిన వాటి మీద మళ్ళీ పాడటం. ఇలా పొరమీద పొర వేసుకుంటూ పోతే, టేపు అరిగి అరిగి దాని మీది పూత రాలిపోయి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలివైపు కనిపించేదట. మనలో పెద్దవాళ్ళు సైక్లోస్టైల్ యంత్రం తిప్పినవాళ్ళే. ఎక్కువ కాపీలు తీస్తే స్టెన్సిల్ ఏమవుతుందో వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఆరు నిమిషాల పాటను రేడియోవాళ్ళు వెయ్యరని రికార్డు కంపెనీ భయపడింది. కత్తిరించమంది. వీళ్ళు ఒప్పుకోలేదు. లండన్ క్యాపిటల్ రేడియోలో కెన్నీ ఎవరెట్ అనే మిత్రుడి చేతికి ఒక ప్రతి చేరితే, అతడు ఒక్క వారాంతంలో పధ్నాలుగు సార్లు వేశాడు. 1975 అక్టోబరు 31న రికార్డు విడుదలైంది. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మెర్క్యురీ పోయాక మళ్ళీ విడుదల చేస్తే ఇంకో అయిదు వారాలు నిలిచింది. అదే గాయకుల అదే పాట రెండు వేర్వేరు క్రిస్మస్‌లకు మొదటి స్థానంలో ఉండటం బ్రిటన్‌లో అంతకు ముందు ఎవరికీ దక్కలేదు.

ఇదీ బయటి కథ. అసలు ప్రశ్న వేరే. పల్లవి లేదు. తిరిగి తిరిగి వచ్చి చెవిలో కూర్చునే చరణం లేదు. ఒక దానికొకటి పొత్తు లేని ఆరు ముక్కలు. ఇది పాటగా ఎలా నిలబడింది?

జవాబుకు మొదటి ఆనవాలు పేరులోనే ఉంది. రాప్సొడీ గ్రీకు మాట. కుట్టడం అనే ధాతువుకు పాట అనే మాట చేర్చితే వచ్చింది. ఊరూరా తిరిగి వీరగాథలు వరసగా అల్లి చెప్పేవాడిని గ్రీకులు అలా పిలిచేవారు. మన భాషలో చెప్పాలంటే పాటల బొంత. ఇక బొహీమియా ఇప్పటి చెక్ దేశంలోని ఒక ప్రాంతం. దేశదిమ్మరులైన జిప్సీలు అక్కడినుంచి వచ్చారనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళను బొహీమియన్లు అన్నారు. ఆ జిప్సీల మూలం మన వాయవ్య భారతమని భాషాశాస్త్రం తేల్చింది. అంటే, దేశదిమ్మరి కుట్టిన బొంత అన్నమాట. మెర్క్యురీ ఇంత ఆలోచించి పెట్టాడని నేననను. 2023లో లండన్‌లో సోదబీ సంస్థవాళ్ళు అతని సామాన్లు వేలం వేసినప్పుడు ఈ పాట చిత్తుప్రతి బయటపడింది. ఒక విమాన కంపెనీ కాగితాల మీద రాసుకున్నాడు. అందులో మొదట "మంగోలియన్ రాప్సొడీ" అని రాసి, మంగోలియన్ కొట్టేసి, పైన బొహీమియన్ అని దిద్దాడు. దిమ్మరితనం ముందే ఉంది. ఏ దేశపు దిమ్మరి అన్నది తర్వాత కుదిరింది.

బొంత బాగుందా లేదా చూడాలంటే గుడ్డముక్కల రంగులు చూస్తే చాలదు, కుట్టు చూడాలి. మొదటి యాభై సెకన్లు వాద్యాలు దాదాపు లేని బృందగానం. తన స్థితి మీద తనకే నమ్మకం కుదరని ఒక కుర్రవాడి గొంతు అది. తర్వాత పియానో మీద నెమ్మదైన పాట: ఒక మనిషిని చంపానని తల్లికి చెప్పుకుంటాడు. ఇది కరుణ. ఆ తర్వాత అరనిమిషం కూడా లేని గిటారు. దాని వెంటనే ఒపెరా. బృందాలు రెండుగా చీలి, కుర్రవాణ్ణి వదలాలా వద్దా అని వాదులాడుకుంటాయి. ఇటాలియన్ నాటకాల విదూషకుడు స్కరమూష్, గెలీలియో, ఫిగారో అందరూ వచ్చిపడతారు. ఇది పచ్చి హాస్యం. హాస్యం ముసుగులో భయానకం. అక్కడినుంచి రౌద్రం: మన అరోరా కుర్రాళ్ళు తలలూపే ఘట్టం ఇదే. చివర అన్నీ చల్లారి నిర్వేదం. ఒక గంట మోతతో సమాప్తం.

మన ఆలంకారికులు కరుణకూ హాస్యానికీ విరోధం అన్నారు. ఏడుస్తున్నవాడి పక్కన నవ్విస్తే రెండూ చెడతాయి. కాని నిషేధించి ఊరుకోలేదు, ఉపాయాలూ చెప్పారు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో రెండు మార్గాలు చూపించాడు. ఒకటి ఆశ్రయభేదం: విరోధ రసాలు రెండిటినీ ఒకే మనిషిలో కాక వేర్వేరు వ్యక్తులలో ఉంచడం. రెండోది వ్యవధానం: రెండిటి నడుమ ఇంకొక రసాన్ని అడ్డుపెట్టడం. నాగానందంలో శాంతానికీ శృంగారానికీ మధ్య అద్భుతం వచ్చి కాపాడిందని ఉదాహరణ కూడా ఇచ్చాడు.

ఈ పాటలో రెండు ఉపాయాలూ ఉన్నాయి. దుఃఖం కుర్రవాడిది, పరిహాసం న్యాయసభది. నవ్వు అతని నోట రాదు. అది ఆశ్రయభేదం. ఇక కన్నీటి పాటకూ వెక్కిరింత సభకూ నడుమ బ్రయన్ మే గిటారు ఉంది చూశారూ, అది మాటలేని వ్యవధానం. చాలామంది గిటారు విద్వాంసులు తమ వంతు రాగానే తమ విద్య చూపించుకుంటారు. మే ఆ పని చెయ్యలేదు. పాట ముగించలేకపోయిన ఏడుపును గిటారు అందుకుని కాస్త దూరం మోసి, ఒక గుమ్మం దగ్గర దింపుతుంది. తలుపు తీస్తే న్యాయసభ. ఆ ఇరవై అయిదు సెకన్లు తీసేసి వినండి, బొంత అక్కడే చిరుగుతుంది. కంపెనీవాళ్ళు కత్తిరించమన్నప్పుడు ఒప్పుకోకపోవడం పొగరు అని కొందరన్నారు. పనితనం తెలిసినవాడి జాగ్రత్త అంటాను నేను.

మనకు ఇది కొత్తేమీ కాదు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్ళకు తెలుసు. ఆలిని అమ్ముకునేంత కష్టంలో ఉన్న రాజు పక్కన నక్షత్రకుడి చేష్టలకు జనం పగలబడి నవ్వుతారు. అదే జనం కాటిసీనులో కళ్ళు తుడుచుకుంటారు. నవ్వు నక్షత్రకుడిది, ఏడుపు హరిశ్చంద్రుడిది. మధ్యలో హార్మోనియం మీద నడిచే రాగాలాపన రెండిటికీ గట్టు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టే మన తాతలకు ఈ పాట వినిపించి ఉంటే, భాష రాకపోయినా నాటకం అర్థమయ్యేదనే నా నమ్మకం.

అయితే లోపాలు లేవా? ఉన్నాయి. మాటలు కాగితం మీద పెట్టి చదివితే ఒపెరా భాగం తేలిపోతుంది. ఆ పేర్లు చాలావరకు మోతకోసం ఏరుకున్నవి. గెలీలియో ఎందుకు వచ్చాడో కథలో కారణం కనపడదు. చచ్చిపోయినవాడు ఎవరో, ఎందుకు చంపాడో ఒక్క ముక్క చెప్పలేదు. చివరి నిర్వేదం కూడా రౌద్రం వెనకే వచ్చి వాలిపోయింది. దానికి ఇంకొంచెం ఆలాపన ఉండవలసింది. పద్యనాటకానికైతే మనం ఈ వెలితి పూరించుకోగలం, కథ ముందే తెలుసు గనక. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

ఆ మోత మాటల్లో ఒకటి మాత్రం వేరే జాతిది: బిస్మిల్లా. దేవుడి పేర అని అరబ్బీలో అర్థం. పారశీ మతంవాడు, ఇంగ్లీషు రాక్ పాటలో, ఇటాలియన్ ఒపెరా పద్ధతిలో పలికిన అరబ్బీ మాట. జాంజిబార్ వీధుల్లో పుట్టి పెరిగినవాడి చెవిన ఆ మాట పడకుండా ఉండదు. అంతకు మించి ఊహించను. కాని 2004లో ఇరాన్‌లో క్వీన్ పాటల కాసెట్టు అనుమతితో వెలువడినప్పుడు, దానితో పాటు పారశీక భాషలో ఒక వివరణ పత్రం ఇచ్చారు. ఒక యువకుడు పొరపాటున హత్య చేశాడు, ఆత్మను సైతానుకు అమ్ముకున్నాడు, ఉరికి ముందు రాత్రి బిస్మిల్లా అని దేవుణ్ణి పిలిచి తన ఆత్మను తిరిగి దక్కించుకున్నాడు అని. ఏ పూర్వీకుల దేశంనుంచి పారశీలు వెయ్యేళ్ళ కిందట పడవలెక్కారో, ఆ దేశానికి ఆ మాట తోడు తీసుకుని పాట వెళ్ళింది. ఆ వ్యాఖ్యానం సరైనదా అంటే, ఇంగ్లీషు విమర్శకులు చేసిన వాటికంటే తక్కువదేమీ కాదు.

ఇంగ్లీషు విమర్శకులు చాలా చెప్పారు. అందులో ఒకటి గంభీరంగా తీసుకోదగింది. పురుషులను ప్రేమించే తన స్వభావాన్ని అతడు గుర్తిస్తున్న రోజుల్లో రాసిన పాట ఇదని, చంపినది తన పాత మనిషినేనని, తల్లికి చెప్పుకున్నది ఆ సంగతేనని. మెర్క్యురీ తాను పోయేదాకా అవుననీ కాదనీ అనలేదు. విన్నవాళ్ళు తమకు తోచిన అర్థం తీసుకోవాలన్నట్లే ఉండిపోయాడు. రుజువు చెయ్యలేని అర్థాన్ని ఖాయం చెయ్యడం విమర్శ కాదు. కాని ఆ అర్థానికి పాటలో చోటుందని ఒప్పుకోవడం న్యాయం.

నన్ను పట్టుకున్నది ఇంకొక సంగతి. ఈ పాటలో కుర్రవాడు తల్లిని పిలుస్తాడు, చెప్పుకుంటాడు, వీడ్కోలు కూడా తీసుకుంటాడు. తల్లి ఒక్క మాటైనా పలకదు. సభ పలుకుతుంది, విదూషకులు పలుకుతారు, వదిలెయ్యండనే వాళ్ళూ, వద్దనే వాళ్ళూ పలుకుతారు. ఆమె వంతు రాదు. ఒపెరా భాగంలో అమ్మ మళ్ళీ వినిపిస్తుంది గాని, అది "మమ్మా మియా" అనే ఇటాలియన్ ఊతపదంగా, మనం దెబ్బ తగిలితే "అమ్మో" అన్నట్లుగా. ఎదురుగా కూర్చున్న మనిషి ఉత్త అరుపు అయిపోయింది. 1976 జనవరి చివర ఈ పాటను మొదటి స్థానంనుంచి దింపింది ఆబా బృందం పాడిన "మమ్మా మియా" కావడం విచిత్రమైన కాకతాళీయం. ఏమైనా, పాటలో ఇంతకంటే పెద్ద శూన్యం లేదు. పైన లోపమన్నాను గాని, ఈ ఒక్క శూన్యాన్ని లోపమనలేను. మొదట కరుణగా కనిపించిన దానికి అసలు మూలం ఇది. హత్య సంగతి మనకు తెలియకపోయినా పాట పట్టుకుంటుందంటే, జవాబు రాని పిలుపు అందరికీ తెలుసు గనకే.

సముద్రాలు దాటి వచ్చిన ఇళ్ళలో ఇది మరీ తెలుసు. పిల్లలు చెప్పబోయిన మాటలు కొన్ని మన ఇళ్ళల్లోనూ సగంలో ఆగిపోయాయి. ఇష్టం లేని మెడికల్ సీటు కావచ్చు, మనకు నచ్చని స్నేహం కావచ్చు, అంతకంటే లోతైనది కావచ్చు. మనం దుర్మార్గులమై వినకపోలేదు. అన్నీ వాళ్ళకోసమే చేస్తున్నామన్న ధీమాలో, గుడికి టైమైపోతోందన్న తొందరలో, చెయ్యి చాచి కట్టేశాం. 1992లో మా కారులో నేను కట్టేసింది ఎక్కడా అని తర్వాత లెక్క చూసుకున్నాను. తలలూపే ఘట్టం దగ్గర. అంటే తల్లితో చెప్పుకునే భాగం అప్పటికే అయిపోయింది. అది నా ముందే వినిపించింది, నాకే వినపడలేదు.

మైక్ మైయర్స్ పంపించిన ఆ కారు దృశ్యం టేపును మెర్క్యురీ చివరి రోజుల్లో తాను తీసుకువెళ్ళి చూపించానని, అతడు చూసి నవ్వాడని బ్రయన్ మే చెప్పాడు. జాంజిబార్‌లో పుట్టి, పంచగనిలో పెరిగి, లండన్‌లో పాడినవాడు అరోరా కుర్రాళ్ళను చూసి నవ్వుకుని వెళ్ళిపోయాడు. 2022లో అమెరికా ప్రభుత్వపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ రికార్డును భద్రపరచదగ్గ వాటి జాబితాలో చేర్చింది. భద్రపరచడానికి లైబ్రరీలున్నాయి. వినడం మన పని.

కిందటి ఏడాది ఒక శనివారం మా అబ్బాయి కారు నడుపుతుంటే గుడికి వెళ్తున్నాం. సలివన్ రోడ్డు మీదికి తిరిగేసరికి రేడియోలో ఈ పాట మొదలైంది. వాడు నా వైపు ఒకసారి చూసి, వాడే చెయ్యి చాచాడు కట్టెయ్యడానికి.

"ఉండనీరా" అన్నాను.

గుడి ముందు కారు ఆపాక కూడా ఇంకా ఒక నిమిషం మిగిలి ఉంది. గంట మోగేదాకా ఇద్దరం కూర్చున్నాం.